పదో తరగతి పిల్లల చేతిలో ఫోన్: పాలమూరు, నల్లగొండ ఇళ్లలో ఎలా నేర్పాలి

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, వాళ్లు ఊళ్లో లేనప్పుడు పిల్లల్ని చూసుకునే తాతలు, అవ్వలు, మేనమామల కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. ఒక ఆదివారం రెండు గంటలు సెట్టింగ్స్‌కు పెట్టుకోండి. తర్వాత రెండు నెలల పాటు వారానికి పావుగంట కూర్చోండి. ఫోన్ మాత్రం పిల్లల చేతిలోనే ఉండాలి. నొక్కేది వాళ్లు, పక్కన కూర్చుని అడిగేది మీరు. మీరే తీసుకుని అన్నీ మార్చేసి ఇస్తే, వాటిని మళ్లీ వెనక్కి మార్చుకోవడం వాళ్లకు ఐదు నిమిషాల పని.

మొదట మాట ఇవ్వండి

ఫోన్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. మిగిలిన అన్ని దశల కంటే దీనికే ఎక్కువ విలువ ఉంది.

మన దిక్కు ఆడపిల్ల "నాకు ఫోన్లో ఒకడు ఇట్ల మెసేజ్ పెడుతున్నడు" అని చెబితే చాలా ఇళ్లలో ముందు ఫోన్ గుంజుకుంటారు. తర్వాత కాలేజీ మాన్పిస్తారు, సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఇది పిల్లకు తెలుసు. బెదిరించేవాడికీ తెలుసు. "మీ నాయనకు పంపిస్తా" అన్న ఒక్క మాట మీదే వాడి బెదిరింపు నడుస్తుంది. మగపిల్లల సంగతి ఇంకో తీరు. ఆటలో రెండు వేలు పోగొట్టుకున్నవాడు దెబ్బలకు భయపడి ఇంట్లో చెప్పడు. లోన్ యాప్‌లో అప్పు తీసుకుంటాడు. ఆ యాప్ ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని బంధువులకు ఫోన్లు చేసేదాకా మీకు సంగతి తెలియదు.

కాబట్టి ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, మీ మాటల్లోనే, స్పష్టంగా చెప్పండి: "బిడ్డా, ఫోన్ల ఏ లొల్లి అయినా ముందు నాకు చెప్పు. తప్పు నీదైనా సరే. తిట్టను, కొట్టను, సదువు మాన్పియ్యను, ఫోన్ గుంజుకోను. ఇద్దరం కూసొని చూద్దాం."

ఈ మాట ఎక్కడ తప్పుతుందో ముందే తెలుసుకోండి. పిల్లలు మొదట చిన్న సంగతి చెప్పి చూస్తారు. రెండు వందలు పోయాయనో, ఎవరో తెలియనివాడు హాయ్ అన్నాడనో చెబుతారు. అప్పుడు మీ గొంతు లేచిందా, పెద్ద సంగతి ఇక మీ చెవిన పడదు. ఆ మొదటి చిన్న సంగతికి "చెప్పినందుకు మంచిగైంది" అని అనగలిగితే సగం పని అయినట్టే. తల్లి ఒప్పుకుని తండ్రి ఒప్పుకోకపోతే కూడా ఈ మాట నిలవదు. ముందు పెద్దవాళ్లిద్దరూ మాట్లాడుకోండి.

ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి

కొత్త ఫోన్ కొన్నప్పుడు జీమెయిల్ ఖాతా చాలాసార్లు సెల్ షాపులోనే తయారవుతుంది. షాపతను ఏదో ఒక పుట్టిన తేదీ కొడతాడు, పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరే పెడతాడు. కొన్నిసార్లు రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతాను తిరిగి తెరవడానికి వాడేది) కూడా తనదే ఇస్తాడు. పిల్ల ఫొటోలన్నీ ఆ ఖాతాలోనే దాచబడుతుంటాయి. ఈ నాలుగు వరుసగా చేయించండి.

1. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తెరిచి, పర్సనల్ ఇన్ఫోలో పుట్టిన తేదీ చూడండి. మేజర్ అని పడి ఉంటే అసలు తేదీకి మార్చండి. వయసు తప్పుగా ఉంటే పిల్లలకు వర్తించే రక్షణలు ఏవీ పనిచేయవు. అసలు వయసు 13 నిండకపోతే, తల్లిదండ్రుల ఖాతాకు కలపమని గూగుల్ అడుగుతుంది. కలపకపోతే ఖాతా ఆగిపోతుంది. అందుకని మీ ఫోన్ కూడా పక్కన పెట్టుకుని కూర్చోండి.

2. సెక్యూరిటీలోకి వెళ్లి రికవరీ నంబర్, రికవరీ మెయిల్ మీవేనో కాదో చూడండి. ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో అక్కడే కనిపిస్తుంది. పాత ఫోన్, షాపు కంప్యూటర్ లాంటివి ఉంటే సైన్ అవుట్ చేయండి.

3. పాస్‌వర్డ్ మార్చండి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో రెండు అంకెలు పెడితే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఊరి పేరు, హీరో పేరు, పుట్టిన సంవత్సరం వద్దు. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ) ఆన్ చేయండి.

4. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ నంబర్ కొడితే, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. మీరు తీసుకోనివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్ పోయినప్పుడు బ్లాక్ చేయించేదీ అదే వెబ్‌సైట్.

వలస వెళ్లే కుటుంబాలకు ఒక ముచ్చట చెప్పాలి. ముంబయిలోనో పుణెలోనో కొత్త సిమ్ తీసుకుని పాతది రీఛార్జ్ చేయకుండా వదిలేస్తే, కొన్ని నెలలకు ఆ నంబర్ కంపెనీ ఇంకొకరికి ఇస్తుంది. బ్యాంకు, వాట్సాప్, పిల్లల స్కాలర్‌షిప్ అన్నీ పాత నంబర్‌కే ఉంటే ఓటీపీలు ఆ కొత్త మనిషికి పోతాయి. సిమ్ వదిలే ముందే బ్యాంకులో, ఆధార్‌లో నంబర్ మార్పించండి.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్: ఒక్కోదానికి పది నిమిషాలు

వాట్సాప్‌లో ప్రైవసీ కింద గ్రూప్స్ దగ్గర మై కాంటాక్ట్స్ పెట్టాలి. లేకపోతే ముక్కూ మొహం తెలియనివాళ్లు పిల్లల్ని బెట్టింగ్ గ్రూపుల్లో చేర్చేస్తారు. ప్రొఫైల్ ఫొటోకూ అదే. కాల్స్ దగ్గర సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయండి. అకౌంట్ కింద టూ స్టెప్ వెరిఫికేషన్‌కు 6 అంకెల పిన్ పెట్టండి. చివరగా లింక్డ్ డివైసెస్ తెరవండి. జిరాక్స్ సెంటర్‌లో మెమో ప్రింట్ తీయించడానికి వాట్సాప్ వెబ్ తెరిచి అలాగే వచ్చేసిన పిల్లలు చాలామంది ఉంటారు. అక్కడ కనిపించే తెలియని కంప్యూటర్ మీద నొక్కి లాగౌట్ చేయాలి.

ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. అసలు వయసు ఇస్తే 18 లోపు పిల్లలకు టీన్ ఖాతా వస్తుంది. అది మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటుంది. తెలియనివాళ్ల మెసేజ్‌లు రావు. 60 నిమిషాలకు ఆపమని గుర్తు చేస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి. 16 లోపు పిల్లలు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇవన్నీ పుట్టిన సంవత్సరం నిజంగా ఇచ్చినప్పుడే. స్నాప్‌చాట్ ఉంటే మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్ (ఎక్కడున్నారో ఎవరికీ కనిపించకుండా చేసేది) పెట్టించండి. లొకేషన్ ఫ్రెండ్స్ అందరికీ ఆన్ చేసి ఉంటే, పిల్ల ఏ వీధిలో ఉందో ఆ జాబితాలో ఉన్న ప్రతివాడికీ కనిపిస్తుంది.

రెండో ఖాతా గురించి కూడా అడగండి. ఇంట్లోవాళ్లకు చూపించేది ఒకటి, స్నేహితులకు ఇంకొకటి ఉండటం ఈ వయసులో మామూలే. "అది కూడా ప్రైవేట్‌లో పెట్టుకున్నవా?" అని అడిగితే చాలు. తెరిచి చూపించమని పట్టుబడితే మూడోది పుడుతుంది.

పైసలు: పంట డబ్బు ఉన్న ఖాతా ఫోన్లో ఉండొద్దు

పత్తి, వడ్ల డబ్బు ఇప్పుడు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదే ఖాతా నాయన ఫోన్‌లో యూపీఐకి కలిసి ఉంటుంది. ఆ ఫోనే సాయంత్రం పిల్లల చేతిలో ఉంటుంది. అవ్వకు కళ్లు సరిగా కనిపించవని పిన్ కొట్టేది కూడా మనవడే. ఈ ఏర్పాటు మార్చండి.

పంట పైసలు పడే ఖాతాను యూపీఐ యాప్‌లోంచి తీసేయండి. రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా పెట్టుకుని రెండు మూడు వేలకు మించకుండా అందులో ఉంచండి. యూపీఐ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి. అందులో పిన్ అడగకుండానే ఒక్కోసారి 1,000 రూపాయల దాకా పోతుంది. పిల్లలు వాడే ఫోన్‌లో అది వద్దు. యాప్‌లో ఆటోపే అనే చోటు తెరిస్తే నెలనెలా కట్ అయ్యేవి కనిపిస్తాయి. ఒక్క రూపాయికి ట్రయల్ అని మొదలై తర్వాత వందల్లో కట్ అయ్యేవి అక్కడే దాక్కుంటాయి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్ ప్రతిసారీ అడిగేలా పెట్టండి.

పిల్లలకు నేర్పాల్సింది రెండే రెండు వాక్యాలు. పిన్ కొట్టేది పైసలు పోవడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేసేది ఇవ్వడానికే, తీసుకోవడానికి కాదు. పాత సైకిలో పుస్తకాలో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు "క్యూఆర్ పంపిన, స్కాన్ చెయ్యి, పైసలు పడతయ్" అనేవాడు మోసగాడే.

ఇంటర్, డిగ్రీ పిల్లలకు, ముఖ్యంగా నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో రూముల్లో ఉండి చదివేవాళ్లకు ఇంకో వల ఉంది. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కొన్ని రోజులు ఇయ్యి, కమిషన్ ఇస్తం" అంటారు. మోసంతో గుంజిన పైసలను ఆ ఖాతా మీదుగా దాటిస్తారు. ఫిర్యాదు వచ్చిన రోజు ఖాతా ఫ్రీజ్ అవుతుంది, అదే ఖాతాలో పడాల్సిన స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఏ రాష్ట్రం పోలీసులైనా మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే. ఎవరు తెలిసి ఇచ్చారు, ఎవరు తెలియక ఇచ్చారు అన్నది ఆ తర్వాత తేలే సంగతి. ఇది దోస్తు అడిగినా ఇవ్వకూడని వస్తువని ఇంటర్‌లో చేరిన రోజే చెప్పండి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా టెలిగ్రామ్ గ్రూపుల్లో ఐపీఎల్ బెట్టింగ్ లింకులు తిరుగుతూనే ఉంటాయి. మొదటి రెండు మూడు సార్లు కావాలనే గెలిపిస్తారు. వెయ్యికి పదిహేను వందలు వచ్చాయని పిల్లవాడు సంబరపడినప్పుడే, అది ఎర అని చెప్పే మనిషి పక్కన ఉండాలి.

లింకు చదవడం, ఏపీకే గుర్తుపట్టడం

మీకు వాట్సాప్‌లో వచ్చిన నిజమైన మెసేజ్‌లతోనే ఈ అభ్యాసం చేయించండి. వారానికి మూడు మెసేజ్‌లు చాలు.

లింకును ఇలా చదవమనండి. మొదట్లో ఉండే రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగాలి. దానికి సరిగ్గా ముందున్న చివరి ముక్కలే అసలు చిరునామా. ప్రభుత్వానిదైతే అక్కడ ఎక్కువగా గవ్.ఇన్ లేదా నిక్.ఇన్ ఉంటుంది. "ఈపాస్.గవ్.ఇన్.స్కాలర్‌షిప్-అప్లై.టాప్" లాంటి దానిలో గవ్.ఇన్ కనిపిస్తుంది కానీ అది మధ్యలో ఉంది. చివర ఉన్నది టాప్. కాబట్టి దొంగది. ఇంటర్ ఫలితాల రోజు, ఎప్‌సెట్ ర్యాంకుల రోజు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో పిల్లలు ఆత్రంగా ఉంటారు. దొంగ లింకులకు అదే అదను. ఫలితం చూడటానికి హాల్‌టికెట్ నంబర్ లాంటి పరీక్ష వివరాలు చాలు. ఫలితం కోసం ఆధార్ నంబర్, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగితే మూసేయాలి.

ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించేది) లింకు కంటే ప్రమాదం. పీఎం కిసాన్, ఆర్టీవో చలాన్, పెళ్లి పత్రిక, బ్యాంకు కేవైసీ అని రకరకాల పేర్లతో తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతికి పోయి ఉంటుంది. నొక్కితే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీలు మీకంటే ముందు వాళ్లు చూస్తారు. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికి, వాట్సాప్, క్రోమ్, టెలిగ్రామ్, ఫైల్స్ అన్నింటికీ ఆఫ్ చేయించండి. ఈ ఒక్క పని ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లోనూ చేసే బాధ్యత పిల్లలకే అప్పజెప్పండి. తాత ఫోన్‌లో చేసి, ఎందుకు చేశారో తాతకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే వాళ్లకు వచ్చినట్టే.

ఏదైనా ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిపోతే ముందు డేటా, వైఫై ఆపాలి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించాలి. ఆ తర్వాతే యాప్ తీసేయడం.

ఫొటోలు: ఆడపిల్లలకు జాగ్రత్తలు, మగపిల్లలకు బాధ్యత

ఈ విషయంలో మన ఇళ్లలో ఆడపిల్లలకు వంద జాగ్రత్తలు చెబుతారు, మగపిల్లలకు ఒక్కటీ చెప్పరు. అది సరికాదు. ఫొటోను మార్ఫింగ్ చేసేవాడు, గ్రూపులో ఫార్వర్డ్ చేసేవాడు కూడా ఎవరి ఇంట్లోనో పెరుగుతున్న పిల్లవాడే.

మగపిల్లవాడితో తండ్రో అన్నో నేరుగా కూర్చుని ఇవి చెప్పాలి. 18 ఏళ్లు నిండనివాళ్ల అశ్లీల ఫొటో, వీడియో ఫోన్‌లో ఉంచుకోవడమే నేరం, పంపడం ఇంకా పెద్ద నేరం. ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. పిల్లలపై లైంగిక నేరాల మీద 2012లో వచ్చిన పోక్సో చట్టం వేరుగా ఉంది. ఇలాంటివి చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "నేను తీయలేదు, వచ్చింది పంపిన" అన్న మాట నిలబడదు. క్లాస్‌మేట్ ముఖాన్ని ఏఐ యాప్‌లో పెట్టి బట్టలు లేనట్టు తయారుచేయడాన్ని సరదా అనుకునే పిల్లలున్నారు. ఆ పిల్ల బడికి రావడం మానేస్తుందని, ఆమె ఇంట్లో ఏం జరుగుతుందో నీకు తెలియదని చెప్పండి. గ్రూపులో అలాంటిది వస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి. ఫార్వర్డ్ చేయొద్దు. వాట్సాప్‌లోనే రిపోర్ట్ కొట్టాలి. పెద్దవాళ్లకు చెప్పాలి. గ్రూపులోంచి బయటికి రావాలి.

ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా నేర్పాల్సిన ఇంకో మెలకువ, తెలియని వీడియో కాల్. ఎత్తగానే అవతల అశ్లీలంగా కనిపిస్తుంది, ఇవతల మీ పిల్లల ముఖంతో సహా రికార్డ్ అవుతుంది. తర్వాత బెదిరింపు. ఆ వెనకే పోలీసునని, యూట్యూబ్ అధికారినని ఇంకొకడు ఫోన్ చేసి "వీడియో తీసేయిస్తా, ఇంత కట్టు" అంటాడు. ఇద్దరూ ఒక్క ముఠానే.

రాత్రి, సెలవులు, దూరం

నిద్ర విషయంలో ఒకటే నియమం పెట్టి అందరూ పాటించండి. రాత్రి పదింటికి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒకే చోట, పడుకునే గది బయట, ఛార్జింగ్‌కు. నాయన ఫోన్ కూడా అక్కడే. అలారం కోసం ఫోన్ కావాలంటే చిన్న గడియారం కొనివ్వండి.

గురుకులాల్లో చదివే పిల్లలకు నెలల తరబడి ఫోన్ ఉండదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి రాగానే పగలూ రాత్రీ వదలరు. మొదటి రెండు రోజులు కొంచెం వదిలేయండి. మూడో రోజు నుంచి రోజుకు రెండు గంటలు, ఏయే గంటలో వాళ్లనే రాయమనండి. వాళ్లు రాసుకున్నది వాళ్లు నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ.

తల్లిదండ్రులు వలసలో ఉండి పిల్లలు అవ్వ దగ్గర ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ పనికొస్తుంది. పుణెలో ఉన్న అమ్మ ఫోన్ నుంచే కొత్త యాప్‌కు అనుమతి ఇవ్వవచ్చు, రోజుకు ఎంతసేపో పెట్టవచ్చు, రాత్రి ఫోన్ ఆగిపోయేలా చేయవచ్చు. 13 దాటిన పిల్లల ఖాతాకు దాన్ని కలపాలంటే వాళ్లు కూడా తమ ఫోన్‌లో ఒప్పుకోవాలి కాబట్టి ముందు మాట్లాడి ఒప్పించండి. దీని లోపాలు కూడా తెలిసి ఉండాలి. యూట్యూబ్ యాప్‌కు సమయం పెడితే క్రోమ్‌లో యూట్యూబ్ చూస్తారు, రెండింటికీ పెట్టాలి. అవ్వ ఫోన్‌కు తాళం లేకపోతే ఈ ఏర్పాటంతా వృథా. అమ్మ ఫోన్‌లో డేటా లేని రోజు అనుమతులు ఆగిపోయి బడి పనికి ఇబ్బంది అవుతుంది, అందుకని చదువుకు కావాల్సిన యాప్‌లకు ముందే అనుమతి ఇచ్చిపెట్టండి.

ఏదైనా జరిగితే మొదటి గంటలో

పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోయేలోపు ఆపగలిగితేనే దొరుకుతుంది. ఫోన్ చేసే ముందు కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి: బ్యాంకు పేరు, ఖాతా నంబర్, ఎంత పోయింది, ఏ సమయానికి, యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు కింద కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్, అవతలివాడి ఫోన్ నంబర్ లేదా యూపీఐ ఐడీ. 1930 లైన్ కలవకపోతే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ లో రాయండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబర్ జాగ్రత్త చేసి, దాంతో పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి.

బెదిరింపు అయితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. పంపితే ఆగదు, ఇంకా అడుగుతారు. చాట్ చెరిపేయొద్దు, ఖాతా తీసేయొద్దు. బెదిరించినవాడి ప్రొఫైల్ పేరు, దాని లింకు, మెసేజ్‌లు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాత రిపోర్ట్, బ్లాక్ చేయండి. పిల్లల అశ్లీల ఫొటోను మాత్రం సాక్ష్యం అనుకుని కూడా బంధువులకు, సర్పంచ్‌కు, వార్డు మెంబర్‌కు ఎవరికీ పంపొద్దు. పోలీసులకు ఫోన్ చూపిస్తే చాలు. 1098 పిల్లల కోసం ఉన్న నంబర్. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. 18 లోపు ఉన్నప్పటి ఫొటో బయటికి పోతుందన్న భయం ఉంటే, అందులో ఫొటోను ఎక్కించకుండానే దాని గుర్తును మాత్రం తయారుచేసి పంపుతుంది. దాంతో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వేదికలు ఆ ఫొటోను పట్టుకుని తీసేస్తాయి. ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ పోదు.

ఆ రాత్రి పిల్లల్ని ఒంటరిగా పడుకోనివ్వకండి. తిండి మానేసినా, చచ్చిపోతానన్నా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మర్నాడు బడికో కాలేజీకో పంపండి, అవసరమైతే మీరు వెంట వెళ్లి ఒక్క టీచర్‌కు మాత్రమే విషయం చెప్పి రండి. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచండి, కొత్త పాస్‌వర్డ్‌తో.